సార్ ఇంటి గుమ్మడికాయ మోటారు

మా సార్ పోయారని రామంతాపూర్ నుంచి ఫోన్ వచ్చేసరికి నాచారంలో నీళ్ల మోటార్లు చేసే మా షెడ్డు పనిలో ఉంది. మోటార్లకు రాగితీగ చుట్టే సెక్షన్ నాది. ఒక్కొక్క మిషనే ఆపుకుంటూ వెళ్లాను.

సార్ ఉప్పల్‌లో సర్కారు ల్యాబులో సైంటిస్టుగా రిటైరయ్యారు. ఆదివారం చర్చికి, మిగతా రోజులు మా షెడ్డుకు. ఏది నేర్పినా చివర్లో ఒకటే మాట: "ఇంకొకరికి జూపెట్టు. అప్పుడే నీకొచ్చినట్టు." అబ్బో, ఆ మాటతో ఎంత సతాయించేవారో!

మా మోటార్లలో పెట్టే చిన్న అయస్కాంతాలు చైనావి. మిషన్లు బిగించడానికి వచ్చిన చైనా ఇంజనీరు ఉన్నన్నాళ్లూ సార్ ఇంట్లోనే తిన్నాడు. తీగ బిగువు వేళ్లతో పట్టడం నాకు నేర్పింది అతనే. సార్ భార్యను మేము అమ్మ అంటాం. ఆమె పెట్టిన మామిడికాయ తొక్కు కారానికి అతను కళ్లనీళ్లు పెట్టుకుని, మళ్లీ వేసుకునేవాడు.

అతను తన దేశం వెళ్లిపోయాక రెండు దేశాల మధ్య చెడింది. అటునుంచి అయస్కాంతాలు ఆపేశారు. వాటిని చేసే పద్ధతి కూడా బయటికి చెప్పకూడదని కట్టడి పెట్టారు. ఇక షెడ్డు మూసేద్దామన్నాడు మా ఓనరన్న. మా అందరి పొట్ట మీద దెబ్బ.

"మీ దోస్తే గదా సార్. ఎట్ల జేస్తరో చాటుగ పంపమనుండ్రి," అన్నాడు ఓనరన్న.

"ఆయన కొలువు తీసి మన కొలువులు నిలబెట్టుకుందమా? వద్దు," అన్నారు సార్.

ఆ సాయంత్రం సార్ అతనికి ఫోన్ చేశారు కూడా. మేమంతా చెవులు రిక్కించాం. ఇంటిల్లిపాదీ బాగున్నారా అని అడిగి, అయస్కాంతాల ఊసెత్తకుండానే పెట్టేశారు. నాకైతే ఒళ్లు మండింది.

మర్నాడు స్పీకర్లలో వాడే నల్ల అయస్కాంతాలు పట్టుకొచ్చారు. బలం తక్కువే, కానీ ఇక్కడే దొరుకుతాయి. గీశారు, విప్పారు, మాతో మళ్లీ మళ్లీ చుట్టించారు. చివరికి మోటారు తయారైంది, లావుగా, బరువుగా.

"గుమ్మడికాయ లెక్కున్నది సార్!" అన్నాను.

"ఉండనియ్యి. నీళ్లయితే ఎక్కిస్తది గదా," అని నవ్వి, మొదటిదాన్ని ఎప్పటిలాగే తన ఇంటి నీళ్ల సంపుకే బిగించారు. మన ఇంట్లో నడవనిది ఇంకొకరికి అమ్మొద్దని ఆయన పట్టు. అది నడిచింది. మా షెడ్డు నిలిచింది.

ఆ డిజైన్ సార్ చైనా దోస్తుకు పంపారు. ఓనరన్న లబోదిబోమన్నాడు. "వాళ్లు తాళమేసిన్రు, మీరేమో తలుపు తీస్తున్రు!"

"తాళమేసింది ఆయన గాదు బిడ్డా," అన్నారు సార్.

సార్‌ను సమాధి చేసి వచ్చిన సాయంత్రం చైనా ఇంజనీరు అమ్మకు వీడియోకాల్ చేశాడు. అతనికి తెలుగు రాదు, అమ్మకు అతని భాష రాదు. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. అప్పుడు అమ్మ ఫోన్ పట్టుకుని సంపు దగ్గరికి నడిచి, స్విచ్ వేసింది. గుమ్మడికాయ మోటారు గుర్రుమంది. అతను ఫోన్‌కు చెవి ఆనించుకున్నాడు. స్క్రీన్ నిండా ఒక చెవే. పైన ట్యాంకు నిండి, గోడ వెంట నీళ్లు కారుతున్నా అమ్మ స్విచ్ ఆపలేదు.