ఉక్కు రోడ్డు మీద ఆఖరి పందెం

కార్ల పందెం చూడడానికి విశాఖపట్నం వెళ్తున్నానంటే తునిలో ఒక్కరూ నమ్మలేదు. మా హెడ్మాస్టరుగారు సెలవు చీటీ రెండుసార్లు చదివి, "కడుపునొప్పి అని రాయవయ్యా, మర్యాదగా ఉంటుంది" అన్నారు. నేను ఉన్నదే రాశాను.

పందెంలో తోలేది మా అక్క రమణమ్మ మొగుడు అప్పలరాజు బావ. పదిహేనేళ్ళుగా విశాఖలో టాక్సీ తోలుతున్నాడు. అక్కడ కొందరు పెద్దమనుషులు కలిసి ఒక మోటారు క్లబ్బు పెట్టుకున్నారు. చలికాలమంతా పందేలు నడిపి, ఎండలు ముదిరేలోపు ఆఖరిది జరిపించి, మొత్తం మీద ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాడికి కప్పు ఇస్తారు. మూడేళ్ళుగా మా బావ రెండోవాడే. ఈసారి ఆఖరి పందెం నాటికి బావకీ, సామ్యేలు అనే మరో టాక్సీ డ్రైవరుకీ మార్కులు సమానంగా ఉన్నాయి. ఇద్దరిలో ఎవడు ముందొస్తే కప్పు వాడిది.

నన్ను పిలిపించింది మాత్రం బావ కాదు, అక్క. కప్పు వస్తే వచ్చే ఏడు కూడా తోలుకోవచ్చు, రాకపోతే పందేలు మానేసి టాక్సీ ఒక్కటే తోలుకోవాలి అని సింహాద్రి అప్పన్న మీద బావ చేత ఒట్టు వేయించిందట. దానికి సాక్షి కావాలి. నేను ఆ ఉద్యోగం మీద బయల్దేరాను.

శనివారం పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాను. ఈ బండి ఎక్కదలచినవారు ఇంట్లోనే టిఫిను చేసి బయల్దేరడం మంచిది. దారిలో దొరికే ఇడ్లీని ఇడ్లీ అని నమ్మడానికి కొంత భక్తి కావాలి. నా ఎదురుగా ఒక ముసలమ్మ కూర్చుంది, మనవడి పుట్టువెంట్రుకలు తీయించడానికి సింహాచలం వెళ్తోంది. నా ప్రయాణం సంగతి అడిగి తెలుసుకుంది.

"గెలిసినోడికి ఏటిత్తారు బావూ?"

"కప్పు ఇస్తారమ్మా."

"కప్పులో ఏటుంటాది?"

"ఏమీ ఉండదు."

ముసలమ్మ నా వైపు కాసేపు జాలిగా చూసి, కొంగులోని వేరుశనగకాయలు గుప్పెడు తీసి నా చేతిలో పోసింది.

విశాఖలో దిగేసరికి ఎండ మండుతోంది. స్టేషను బయట సీతమ్మధార బస్సు ఎక్కితే గుంపులో చెప్పు ఒకటి ఊడింది కాని మళ్ళీ దొరికింది. అక్కవాళ్ళు సీతమ్మధారలో ఒక డాక్టరుగారి క్లినిక్ వెనక ఇంట్లో ఉంటారు. నేను వెళ్ళేసరికి బావ అంబాసిడరు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళతోనే నన్ను పలకరించాడు.

రాత్రి చేపల పులుసు అన్నం తింటూ అడిగాను. "ఇంత పట్టుదల ఎందుకు బావా?"

ముద్ద చేతిలోనే ఉంచుకున్నాడు. "రోజంతా ఒకడు ఇటు తిప్పమంటాడు, ఒకడు అటు తిప్పమంటాడు. తిప్పుతాను. ఆ పందెం రోజు ఒక్కటే బావా, నాను నాకోసం తోలేది. అది పోతే మరేటున్నాది?"

అక్క వినిపించుకోనట్టు ఇంకో గరిటె పులుసు వడ్డించింది. నాకు బావ మీద జాలి వేసింది. సాక్షిగా వచ్చినవాడు ఎవరి పక్షమూ వహించకూడదు కాబట్టి తలవంచుకుని తిన్నాను.

ఆదివారం తెల్లారగానే కారుతో సహా సింహాచలం వెళ్ళాం. కొండ దిగువనే పంతులుగారు కారుకి పసుపు కుంకుమ పెట్టి, హారతిచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. బావ కళ్ళు మూసుకుని కప్పు కావాలని మొక్కాడు. పక్కనే అక్క కూడా కళ్ళు మూసుకుంది.

"నువ్వేం మొక్కావే?" అన్నాను.

"ఈ పిచ్చి ఒదిలిపోవాలని" అంది, బావ వినేలాగే.

ఒకే టెంకాయ మీద మొగుడూ పెళ్ళాం రెండు కోరికలు కోరారు. అప్పన్న ఎవరి మాట వింటాడా అని నాకు కుతూహలం పుట్టింది. నిమ్మకాయలు మాత్రం నాలుగూ చక్కగా చితికాయి.

పందెం గాజువాక దాటాక, ఉక్కు కర్మాగారం కోసం కొత్తగా వేసిన రోడ్డు మీద. కర్మాగారం ఇంకా లేస్తూ ఉంది, రోడ్డు మాత్రం సిద్ధంగా ఉంది. అంత వెడల్పు రోడ్డు నేను ఎన్నడూ చూడలేదు. దాని మీద ఆ రోజు వరకు తిరిగినవి ఎక్కువగా మేకలే. జనం టార్పాలిన్లు పరుచుకుని, క్యారియర్లు విప్పుకుని కూర్చున్నారు. చూడబోయేవారు గొడుగు తప్పక తీసుకెళ్ళాలి. నీడ అంటే అక్కడ మన నీడే.

క్లబ్బువారి నియమం ఒక్కటే. కారు రోజూ రోడ్డు మీద తిరిగే కారులాగే ఉండాలి. ఏదీ తీయకూడదు, ఏదీ పెట్టకూడదు. అందుకని బావ కారు పైన సామాను క్యారియరూ, సామ్యేలు కారుకి టాక్సీ మీటరూ అలాగే ఉన్నాయి. సామ్యేలు పొట్టిగా, గుండ్రంగా, నవ్వుమొహంతో ఉంటాడు. పొద్దున్నే చర్చికి వెళ్ళి వచ్చాడట. వస్తూనే మా అక్కకి నమస్కారం పెట్టాడు, అక్క ముక్తసరిగా తలూపింది.

టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి జెండా ఊపాడు. ఆరు కార్లు కదిలాయి. రోడ్డు చివర తారు పీపా చుట్టూ తిరిగి రావాలి, అలా చాలాసార్లు. ఒక ఫియట్టు మొదటి తిరుగుడులోనే పొగ వదులుతూ పక్కకి తప్పుకుంది. మిగతావీ ఒక్కొక్కటే వెనకబడ్డాయి. ఆఖరి తిరుగుడుకి మిగిలింది వీళ్ళిద్దరే. ముందు బావ, వెనక సామ్యేలు. సామ్యేలు కుడికి వస్తే బావ కుడికి, ఎడమకి వస్తే ఎడమకి. సందు దొరకనివ్వలేదు. జనం లేచి నిలబడ్డారు. నేను కూడా సాక్షినన్న సంగతి మరిచిపోయి గొడుగు ఊపుతూ అరిచాను.

గెలుపు గీత ఇంకా కొద్ది దూరం ఉందనగా సామ్యేలు హారన్ కొట్టాడు.

మా బావ కారు మర్యాదగా ఎడమకి జరిగింది. కిటికీలోంచి అతని కుడిచెయ్యి బయటికి వచ్చి, "వెళ్ళు, వెళ్ళు" అన్నట్టు ముందుకి ఊపింది. సామ్యేలు పక్కనుంచి దూసుకుపోయాడు. పోతూ పోతూ అలవాటు కొద్దీ చెయ్యెత్తి బావకి థాంక్స్ కూడా చెప్పాడు.

ముందు నాకు నవ్వొచ్చింది. పరుగున వెళ్ళి చూస్తే బావ స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు, కళ్ళనిండా నీళ్ళు. ఇక నవ్వలేకపోయాను.

"నానివ్వలేదు బావా" అన్నాడు. "నా సెయ్యి ఇచ్చీసింది."

వెనక హారన్ వినబడితే సైడ్ ఇవ్వడం పదిహేనేళ్ళ అలవాటు. అది పందెమనీ, కప్పనీ చెయ్యికి ఎవరు చెప్పాలి? నేను సాక్షి పదవికి రాజీనామా ఇచ్చి టోపీ పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి దెబ్బలాడాను. ఆయన శాంతంగా విన్నాడు. హారన్ కారులో భాగమేననీ, ఉన్నదాన్ని తీయకూడదన్నారు గాని వాడకూడదని ఎక్కడా అనలేదనీ చెప్పాడు. కప్పు సామ్యేలుకి ఇచ్చారు. ఫొటోలో అతను కూడా కొంచెం సిగ్గుపడుతున్నట్టే నిలబడ్డాడు.

ఇంటి ముందు కారు ఆపి, బావ తాళాలు తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. "ఒట్టంటే ఒట్టే. అయిపోయింది" అన్నాడు.

అక్క మొక్కు ఫలించింది. సంతోషించాల్సిన మనిషి. గిన్నెలన్నీ ధడేల్ ధడేల్‌మని సర్ది, బయటికొచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"హారన్ కొట్టి కప్పట్టుకుపోతాడా ఆడు? ఓడిపోతే ఓడిపోనాడనుకుందును. సైడిచ్చీసి వత్తాడా నా మొగుడు? రేపు కుళాయికాడ నాను ఎవులికి మొకం సూపించాల? వచ్చే ఏడు తోలాల్సిందే నువ్వు. నాను పక్కన కూకుంటాను."

"మరి ఒట్టు?" అన్నాడు బావ.

"ఒట్టు నాది. అప్పన్నతో నాను మాటాడుకుంటాను."

సోమవారం పొద్దున్నే నన్ను స్టేషనులో దింపడానికి బయల్దేరారు. నా సూట్‌కేసు పైన క్యారియరుకి కట్టారు. అక్క ముందు సీట్లో కూర్చుంది, సాధన ఇవాళే మొదలట. గురుద్వారా దాటామో లేదో వెనక హారన్ మొదలైంది. అక్క తల తిప్పి చూసి, "ఆడే! సామ్యేలు! ఇయ్యకు!" అంది.

బావ చెయ్యి కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. హారన్ ఆగలేదు. వెనక్కి చూస్తే సామ్యేలు చెయ్యి బయటపెట్టి ఊపుతున్నాడు. వెక్కిరిస్తున్నాడని ముగ్గురం ఒకే మాట మీద ఉన్నాం. రిక్షావాళ్ళు ఆగి చూస్తున్నారు, ఒక సిటీబస్సు డ్రైవరైతే తిట్టాడు కూడా. "ఇయ్యకు, ఇయ్యకు" అని అక్క దారి పొడుగునా జపం. బావకి చెమటలు కారుతున్నాయి. అంత పొడుగు దారిలో ఒక్క జానెడు కూడా పక్కకి జరగకుండా స్టేషను ముందు ఆపాడు.

సామ్యేలు మా వెనకే ఆపి, దిగి, తన కారులోంచి నా సూట్‌కేసు తీసుకొచ్చాడు.

"గురుద్వారాకాడ పడిపోనాది. నిన్న ఒక్క హారన్‌కే ఇచ్చీసినావు. ఈయేళ సెవులు సిల్లులు పడేలా కొట్టినా ఇయ్యవేటి, అప్పలరాజూ?"

అక్క సూట్‌కేసు వైపు చూసింది. నేను అక్క వైపు చూశాను. బావ మాత్రం నా భుజాలు పట్టుకుని కుదిపేశాడు.

"సూసినావా బావా! ఇవ్వలేదు! ఎంత కొట్టినా ఇవ్వలేదు!"

మూడేళ్ళుగా రెండోవాడిగా ఉన్న మనిషి మొహంలో అంత సంతోషం చూసి నా కళ్ళు చెమర్చాయి. అక్క పక్కకి తిరిగి, సామ్యేలుకి టీ ఇప్పించమని నాకు సైగ చేసింది. నలుగురం తాగాం. టీ బాగానే ఉంటుంది, స్టేషనుకి ఎదురుగా ఎడమవైపు రెండో బడ్డీ.

తిరుగు ప్యాసింజరులో సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దాని మూల సొట్టపోయింది. విశాఖ నుంచి నేను తెచ్చుకున్న బహుమతి అదే. దువ్వాడలో మా బండిని పక్క లైన్లోకి తోసి నిలబెట్టేశారు, వెనక మెయిలు వస్తోందట. ఎదురు సీటాయన రైల్వేవాళ్ళని తిట్టడం మొదలుపెట్టాడు. మెయిలు పెద్దగా కూత వేసుకుంటూ మా పక్కనుంచి వెళ్ళిపోయింది. అది పూర్తిగా దాటిపోయాక గాని నేను చూసుకోలేదు, నా కుడిచెయ్యి కిటికీ బయట ఉంది.