ఫొటో కింద రాత

పాల్వంచలో నేను నెట్ సెంటర్ నడిపే రోజుల్లో, చూపులేని టెలిఫోన్ ఆపరేటర్ ఒకాయన డ్యూటీ దిగి వచ్చేవాడు. ఫేస్‌బుక్‌కు ముందు నడిచిన ఆర్కుట్‌లో ఇంగ్లీషు అక్షరాలను కంప్యూటర్ చదివి వినిపించేది. ఫొటో రాగానే మూగబోయేది. అప్పుడు అందులో ఏముందని నన్ను అడిగేవాడు. నేను చెప్పాక పక్క కుర్చీలో వాళ్లనూ అదే అడిగేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు వాళ్ల ఆఫీసు ఫొటో వచ్చింది. సంతోషిస్తాడని, "నడుమ మీరే ఉన్నరు సార్" అన్నాను.

పక్కనున్న అమ్మాయి, "ఏడ? అంచున సగం మొఖమే పడ్డది" అంది.

ఆయన కోప్పడలేదు. కీబోర్డు నావైపు జరిపాడు. "గదే ఫొటో కింద రాయి తమ్మీ. మిషన్ చదువుతది, నేను వింట."

వచ్చీరాని ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు రాశాను. కంప్యూటర్ చదివింది. ఆయన విని, ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

"నిజమేనా బిడ్డా?"

ఈసారి నాకు ఒళ్లు మండలేదు; జవాబు కోసం నేనూ ఆమె వైపు తిరిగాను.