ఎన్నూరు ఒడ్డున పన్నెండు గంటల డ్యూటీ

ఉదయం ఆరింటికి లారీ మమ్మల్ని ఎన్నూరు దాటాక ఇసుకలో దింపింది. యాభైల మధ్యలో, ఒక కార్తీక మాసం. తుఫాను వెళ్లి రెండు రోజులైంది. టెలిఫోను తీగలు తెగిపడి ఉన్నాయి. ఉత్తరాన రోడ్లు బాగుచేస్తున్న మా పటాలానికీ మద్రాసులోని కోటకూ మధ్య వైర్‌లెస్‌లో సందేశాలు అందించడం మా పని. యుద్ధకాలంలో కట్టి వదిలేసిన కాంక్రీటు గది మా స్టేషను. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. సముద్రం వైపు గోడలో ఒక సన్నటి సందు. లోపల వైర్‌లెస్ సెట్టు, బ్యాటరీ, బల్ల, రెండు స్టూళ్లు.

మేం నలుగురం. చిత్తూరు వైపు నుంచి వచ్చిన హవల్దారు, బ్యాటరీలు చూసే మెకానిక్, ఇద్దరు ఆపరేటర్లం. మా ఇల్లు పురసవాక్కంలోనే. అంత దగ్గరుండీ ఇంటికి పోలేని ఖర్మ నాది.

మూడో రోజు రెండో ఆపరేటరు జ్వరంతో లారీ ఎక్కాడు. అతని బదులు ఎవరూ రాలేదు. ఆరు గంటల డ్యూటీ కాస్తా పన్నెండైంది. పగలు నాది, రాత్రి హవల్దారుది. సైనికుడంటే ఇనుపకడ్డీ అనుకునేవాళ్లను చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. తొమ్మిదో రోజుకే నాకు అన్నం రుచి తెలియడం మానేసింది. చెవులకు హెడ్‌ఫోన్లు లేకపోయినా మోర్సు వినిపించేది. అల విరిగితే గీత, నీటి బొట్టు రాలితే చుక్క. మొదట విడి అక్షరాలు వచ్చాయి. తర్వాత నా పేరు వచ్చింది. సముద్రం నన్ను పేరుపెట్టి పిలుస్తోంది!

భయపడ్డాను. ఎవరికీ చెప్పలేదు. పిచ్చివాడని ముద్ర పడితే ఉద్యోగం పోతుంది, మా వీధి వీధంతా తెలిసిపోతుంది.

పదహారో రోజు, మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. హవల్దారు నిద్ర లేచి లోపలికొచ్చాడు. నేను రాసుకుంటున్నాను.

"ఏమి రాస్తాండావు?"

"కోట నుంచి సార్. అర్జెంటు."

ఆయన సెట్టు వెనక చెయ్యి పెట్టి ఊడి వేలాడుతున్న వైర్లు పైకెత్తి చూపించాడు. "బ్యాటరీ చార్జికి పోయి గంటైంది. నువ్వే విప్పి ఇచ్చినావంట."

కాగితం వైపు చూశాను. నిండా నా పేరే. ఏడ్చేశాను.

ఆయన నా హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు. "ఎన్నాళ్లుగా?"

"వారం సార్."

"నోరు తెరిచి చెప్పకూడదా? కాలు ఇరిగితే చెప్పవా?"

"పిచ్చోడంటారు సార్."

"అంటే అననీ, నేననను. ఈ పొద్దే ఇంటికి పో నాయనా. నాలుగు దినాలు తిను, నిద్దర పో. సముద్రం దిక్కు మాత్రం పోబాక."

"మరి మీరు?"

"నా సంగతి నాకు తెలుసులే."

మెకానిక్‌కు మోర్సు రాదు. అంటే రాత్రీ పగలూ ఆయనొక్కడే. అది తెలిసీ నేను ఇంకోసారి అడగలేదు. ఎగురుకుంటూ లారీ ఎక్కాను. నా తప్పు అదే.

ఇంట్లో అమ్మకు అంతా చెప్పాను. గోడ గడియారం చప్పుడులో కూడా అక్షరాలు వస్తున్నాయన్నాను. అమ్మ ఎందుకని అడగలేదు. స్టూలెక్కి పెండ్యులం చేత్తో ఆపేసింది. "నాలుగు దినాలు టైము తెలీకపోతే కొంపేమీ మునగదులే. ఈడ పడుకో." రసం అన్నం తిని పడుకున్నాను. మూడో రోజు లేచేసరికి చప్పుళ్లు మామూలు చప్పుళ్లే. ఎంత హాయనిపించిందో!

ఐదో రోజు ఉదయం ఆరింటికి తిరిగి వెళ్లాను. మెకానిక్ లారీకి ఎదురొచ్చాడు. "సార్ కన్ను మూసిందే లేదప్పా. ఎవురితోనో మాట్లాడతానే ఉండాడు."

ఆ పొద్దే సెట్టు మీద కోటకు కబురు పంపాను. తొమ్మిదింటికి ఆసుపత్రి వ్యాను వచ్చింది. రెండు నెలలకు హవల్దారు కోలుకుని పటాలంలో చేరాడు. మా స్టేషనులో ఎవరూ ఆరు గంటలు దాటి కూర్చోకూడదని కెప్టెన్ ఆర్డరు వేశాడు. ఆ తర్వాత నేను సర్వీసు ముగించుకుని పురసవాక్కం వచ్చేశాను. ఇప్పుడు అలిసిపోతే అలిసిపోయానని చెప్తాను. ఎదుటివాడు బాగానే ఉన్నానంటే రెండోసారి కూడా అడుగుతాను. చాదస్తం అంటారు. అననీ.

ఆ ఉదయం గదిలోకి అడుగుపెట్టినప్పుడు చూసింది మాత్రం నన్ను వదలదు. బల్లమీద రెండు కంచాలు, రెండింట్లోనూ అన్నం. లాగ్ పుస్తకంలో నాలుగు రోజులూ పగటి డ్యూటీకి నా సంతకం, ఆయన చేతిరాతలో. హవల్దారు నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. పక్కనున్న ఖాళీ స్టూలు వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

"లే నాయనా. నీ బదులు మనిషి వచ్చినాడు. ఇంక పో, నిద్దర పో."

ఆయన చూపు స్టూలు మీంచి లేచి, నెమ్మదిగా నేను నిలబడ్డ తలుపు దాకా వచ్చింది.

నేను పక్కకు తప్పుకుని దారిచ్చాను.