జింకల తొట్టి నింపిందెవరు?

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అవి నిజంగా ఉంటే, బాగేపల్లి బస్సు కోసం ఎదురుచూస్తూనే పోయినవాళ్లలో ఒక్కటైనా ఎప్పుడో నా కంటపడి ఉండేది.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, పాతపాళ్య దగ్గర రక్షిత అడవిలో తాత్కాలిక వాచర్. నేను అక్కడే కెమెరాలు చూసే కాంట్రాక్టు పనివాణ్ణి. మొన్న ఎండాకాలం అడవికి నీళ్లు తెచ్చే ట్యాంకరు చెడిపోయింది. జింకలకు నీళ్లుపోసే సిమెంటు తొట్టి ఎండిపోవాలి. పదిరోజులైనా అంచుదాకా నీళ్లే.

రేంజరు సంతోషించలేదు. వేటగాళ్లు జింకలను ఇలాగే నీళ్లకు అలవాటు చేసి వలలు పన్నుతారు.

"నీకు తెలీకుండా లోపలికి ఎవరొస్తాండారప్పా?" అని మామను నిలదీశారు. సోమవారంలోగా పేరు చెప్పకపోతే పని పోతుందన్నారు.

మామ తనకు తెలీదన్నాడు. రేంజరు కంటే ముందే నేను అనుమానించాను. బంధువుని కదా, అనుభవం ఎక్కువ.

మా దగ్గరొక పద్ధతి ఉంది. తొట్టి చుట్టూ జల్లించిన మట్టి పరిచి, తంగేడు మండతో చదును చేస్తాం. ఏది నడిచినా అడుగు పడుతుంది. ఆదివారం పొద్దున తొట్టి మొత్తం తోడేసి, వెనక్కి నడుస్తూ మట్టి చదును చేసి, ఏది కదిలినా తనంతట తానే ఫొటో తీసే కెమెరాను ఎదురు చెట్టుకు కట్టాను. మామను ఊళ్లో టీ అంగడికి తీసుకుపోయి కళ్లముందే కూర్చోబెట్టుకున్నాను.

"నన్నేల కాపలా కాస్తాండావురా?"

"వాచర్ ఉంటే ఎట్లుంటాదో నీకూ తెలియాల కదా మామా."

పన్నెండు కాకముందే తిరిగొచ్చాం. తొట్టి నిండుగా ఉంది.

కెమెరాలో రెండే ఫొటోలు. పదకొండూ ఇరవైకి ఎండిన తొట్టి, దాన్ని నాకుతున్న జింక. రెండు నిమిషాల తరువాత అదే జింక, నిండు తొట్టి. బెదరకుండా తాగుతోంది. మట్టిలో జింక అడుగుల పక్కనే, బిందె దించినట్టు గుండ్రటి తడి మచ్చ. మనిషి అడుగు ఒక్కటీ లేదు.

నాకు జోకు తట్టలేదు. నా విషయంలో అది జ్వరం కిందే లెక్క.

"ఇది రాస్తే నా పని ఉంటాదారా?" అన్నాడు మామ.

రిపోర్టులో వాన పడిందని రాశాను. రేంజరు అది చదివి, ఫొటోలు రెండుసార్లు చూశారు. కిటికీలోంచి మండుతున్న ఎండ వైపు చూశారు. "మంచి వానే" అని సంతకం పెట్టారు.

మామ పని నిలిచింది. కెమెరా పరీక్షించాను, బాగానే ఉంది. ఆ బిందె దించిందెవరో ఇప్పటికీ తెలీదు. మామను అనుమానించడం మాత్రం మానలేదు. ఆయన తరఫు సాక్షిని నేనే కావడం ఒక్కటే ఇబ్బంది.