తాగుబోతు మలుపు

మా బస్సులో ఎవరైనా "ఒక తాగుబోతు మలుపు ఇవ్వండి" అన్నారంటే కండక్టరక్క చెయ్యి ఆగిపోయేది. "అలాంటి స్టాపు లేదు. డ్రైవర్ మలుపు ఉంది, కావాలా?" అనేది. ఎదుటివాడు "రెండూ ఒకటేగా!" అని నవ్వితే, "కాదు. ఒకటనుకుంటే దిగి నడిచిపో" అనేది. ఏళ్ల తరబడి ఆవిడతో ఆ బండి నడిపినవాణ్ణి, ఈ గొడవ విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. అయినా ఒక్కసారి కూడా ఆవిణ్ణి తప్పు పట్టబుద్ధి కాలేదు.

ఎందుకంటే ఆ డ్రైవర్ ఆవిడ మొగుడు.

కొండను ఆనుకుని ఒంపు తిరిగే రోడ్డు అది. ఒక పక్క రాయి, ఇంకో పక్క లోయ. ఆ రోజు బ్రేకు పడలేదు. బండి నిండా జనం. ఆయన స్టీరింగు తన వైపుకే తిప్పి, బస్సును రాతికి రాపాడించి ఆపాడు. అందరూ దిగారు, ఆయన దిగలేదు. బ్రేకు సరిగా పట్టడం లేదని ముందురోజే మెకానిక్కుతో చెప్పాడు, నేను పక్కనే ఉన్నాను. బతికి బయటపడ్డవాళ్లే ఆ చోటికి డ్రైవర్ మలుపు అని పేరు పెట్టుకున్నారు. అక్కడికి రాగానే డ్రైవర్లమంతా ఒకసారి హారన్ కొట్టేవాళ్లం, ఆయనకు దండం పెట్టినట్టు. ఆ పేరు పట్టుకునే డ్రైవర్ వంతెన వచ్చింది, డ్రైవర్ టీ కొట్టూ వచ్చింది.

మరి ఆఫీసువాళ్లు ఊరుకుంటారా? బండి చెడిపోయిందంటే వాళ్ల మెడకు చుట్టుకుంటుంది. తాగి నడిపాడని తేల్చేశారు. మందు వాసన తగిలితేనే వాంతి చేసుకునే మనిషి! నేను వెళ్లి గొంతు చించుకుంటే, నోరు మూసుకుని పని చూసుకోమన్నారు. అక్కకు మాత్రం ఏదో పెద్ద దయ చూపించినట్టు కండక్టరు ఉద్యోగం ఇచ్చారు. వేసింది ఆ దారిలోనే. సిగ్గులేని జన్మలు.

ఇక జనం సంగతి చెప్పాలా! ఆ రోజు బస్సులో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే పోయారు, కొత్తవాళ్లు వచ్చి చేరారు. ఏ నోట మొదలైందో గానీ, పేరు కాస్తా తాగుబోతు మలుపు అయి కూర్చుంది. వంతెనకూ అదే పేరు, టీ కొట్టుకూ అదే. కొత్త డ్రైవర్లు ఇప్పటికీ హారన్ కొడతారు, మలుపు కదా కొట్టాలేమో అనుకుని. అక్క కూతురిని బడిలో "తాగుబోతు కూతురా" అని ఏడిపించి ఏడిపించి చదువు మాన్పించారు. అందుకే ఆ అమ్మాయి తన పాపకు తాతయ్య జ్వరంతో పోయాడని చెప్పి పెంచింది. అక్కకు అది నచ్చలేదు గానీ, అడ్డు చెప్పలేదు.

ఒక సాయంత్రం ఆ మనవరాలు బడి నుంచి మా బండిలోనే వస్తోంది. నా వెనకే కూర్చుంది.

"అమ్మమ్మా, మన చుట్టుపక్కల పేర్లు ఎలా వచ్చాయో కనుక్కుని రమ్మంది మా టీచరు. తాగుబోతు మలుపుకి ఆ పేరెందుకొచ్చింది?"

అక్క జవాబు చెప్పేలోపే పక్క సీటు పెద్దమనిషి అందుకున్నాడు. "నేను చెప్తా విను పాపా. ఎవడో డ్రైవరు పీకల దాకా తాగి బస్సుని కొండకి గుద్దేసి చచ్చాడు. అందుకే ఆ పేరు." అక్కడే నిలబడి చూసినట్టు చేతులు తిప్పుతూ మరీ చెప్పాడు. వాడి నోరు పడిపోను!

"నిజమేనా అమ్మమ్మా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమయ్యా" అంటూ అందుకోబోయాను. అద్దంలో అక్క నా వైపే చూస్తూ వద్దన్నట్టు తల ఊపింది. నిజం చెబితే రేపు ఈ పిల్ల తరగతిలో లేచి "ఆయన మా తాతయ్యే" అంటుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో అక్కకు ఒకరు చెప్పక్కర్లేదు, కూతురి విషయంలో కళ్లారా చూసింది.

"నిజమేనమ్మా" అంది. "అలాగే చెప్పు."

మలుపు తిరుగుతుంటే పాప కిటికీలోంచి ఆ రాతి వైపు తల తిప్పి చూసింది.

"పాపం, ఆయనకి పిల్లలున్నారా అమ్మమ్మా?"

"లేరు" అంది అక్క. "ఎవరూ లేరు."

టికెట్లు కొట్టడానికి వెనక్కి వెళ్లిపోయింది.