పొట్టి పేరు, పొడుగు పేరు

నేను చెబుతుంటే మా కోడలు కంప్యూటర్‌లో కొడుతోంది. ఆ టకటక చెవిన పడితే చాలు, గద్వాలలో రజియా ఆపా కార్డులు అచ్చేసే దుకాణం కళ్ళ ముందుకొస్తుంది. వేడెక్కిన ప్రింటర్ వాసన కూడా తగిలినట్టే ఉంటుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆయన పోయాడు. పల్లీ చేలల్లో కూలికి పోయి నడుం పట్టేసిన నన్ను, పక్కింటి ఆపా తన దుకాణంలో పెండ్లికార్డులు మడతపెట్టే పనికి పిలిచింది. నాకొచ్చినవి మూడో తరగతి తెలుగు అక్షరాలే. వాటితోనే మెల్లగా కంప్యూటర్‌లో కొట్టడం నేర్పింది. "నిదానంగ కొట్టు లచ్చమ్మా, అక్షరం యాడికీ ఉరకదు" అనేది.

ఒకరోజు రాజోలి నుంచి ఒక ముసలామె మనవరాలి కార్డు కోసం వచ్చింది. పెండ్లికొడుకు పేరు కొట్టాను. ఆపా ఇంగ్లీషు అక్షరాలకు మార్చి ఇస్తే, పక్కనే అతని చదువు చీటీలో చూసుకుంటూ వేశాను. దాని వెనకే పెండ్లికూతురు పేరు కొడితే కొంకిగీతలూ బ్రాకెట్లూ వచ్చాయి. చెరిపి కొట్టినా అవే.

"గివేంది? మా పిల్ల పేరేది?" అని ముసలామె వంగింది. ఆమె చూపు నా ఖాళీ నుదుటి మీద ఆగింది. "బొట్టు లేనామెతోని కొట్టిస్తవా ఆపా? అపశకునం గాదా?"

మీటల మీంచి చేతులు తీసేశాను. మిషను చెడగొట్టానో, నా రాత ఆ పిల్లకు అంటిందో తెలియలేదు. రేపటి నుంచి మళ్ళీ పల్లీ చేలే అనుకున్నాను.

ఆపా వచ్చి నా వెనక నిలబడింది. మిషను ముట్టలేదు. "ఏం ఖరాబ్ కాలే. ఇంగ్లీషు పక్కన నిలబడి తెలుగు కొడితే గట్లనే వస్తది. పైన అక్షరాల రకం పేరుండే గడి చూడు. ఇప్పుడు పిలగాని పేర్ల గీత పెట్టు."

కర్సర్ గీతను ఆ పేరులోకి జరిపాను. గడిలో ఉన్న పొట్టి పేరు పోయి పొడుగు పేరొచ్చింది. పక్కనే అక్షరాన్ని లావు చేసే మీట తెర మీద లోపలికి దిగింది. చదువు మీదికి జరిపితే మళ్ళీ పొట్టిదే, మీట పైకి లేచింది. ఇంగ్లీషు చదవలేకున్నా పొట్టి, పొడుగు తెలుస్తాయి కదా!

"గంతేనా ఆపా?"

"గంతే. దానికి బొట్టు గిట్ట తెల్వదు అవ్వా, యాడ నిలబడ్డమో గదే చూపిస్తది."

గడిలో పొడుగు పేరు ఎంచి, లావు మీట నొక్కి కొట్టాను. పిల్ల పేరు నిండుగా పడింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"దొరికింది పిల్ల! పెండ్లికి ముందే మాయం జేస్తివనుకున్న" అని ముసలామె నా భుజం తట్టింది. "చిన్నదాని కార్డు గూడ నువ్వే కొట్టాలె."

ఆపా ఇప్పుడు లేదు. ఆ కార్డు కొట్టిన రోజుకు ముందు ఇంట్లో పాలు విరిగినా నా రాతే అనుకునేదాన్ని. ఇప్పుడు ఏది చెడినా ముందు తల పైకెత్తి, యాడ నిలబడ్డానో చూసుకుంటాను. సగం భయం అక్కడే దిగిపోతుంది.