మూడు దోసిళ్లు

పటాన్‌చెరు దాటి ఇంద్రేశం వైపు వెళ్తుంటే మా ఊరి చెరువు వచ్చేది. ఈ కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కనబడేది కాదని మనవలకు చెబుతుంటాను. అబద్ధం. అవతలి ఒడ్డున ఎవరైనా బీడీ ముట్టించుకుంటే ఏ చేత్తో ముట్టించారో కూడా కనబడేది. అయితే ఊరంతా ఆ నీళ్ల మీదే బతికింది గనుక పెద్ద చెరువు అనడంలో మరీ అంత తప్పు లేదనుకుంటాను.

ఆ చెరువుకు నేను నీరటిని. తూము ఎత్తడం, దించడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం మా తాత నాటి నుంచి మా ఇంటి పని. దాంతోపాటే ఒక ఆచారం కూడా మాకు సంక్రమించింది. మృగశిర వానలకు చెరువులోకి కొత్త నీళ్లు రాగానే, నీరటి తూము రాయి మీద నిలబడి, ఊరు చూస్తుండగా మూడు దోసిళ్లు తాగాలి. అతను తాగి తల ఊపేదాకా నారుమడికి చుక్క వదలరు, చెరువులోకి గొడ్డును దింపరు. ఏడాదిలో నన్ను పెద్దమనుషులు పేరుపెట్టి పిలవకుండా “నీరటయ్యా” అనే రోజు అదొక్కటే.

ఎనభైల చివర్లో ఒక ఏడు. అప్పటికే మా ఊరి కుర్రాళ్లు సగంమంది సైకిళ్లకు టిఫిన్ డబ్బాలు కట్టుకుని ఫ్యాక్టరీలకు పోతున్నారు. వాళ్ల చొక్కాలు ఎంత ఉతికినా ఒక వాసన వదిలేది కాదు. ఆ యేడు మొదటి వాన పడ్డ తెల్లారి అదే వాసన చెరువు కట్ట మీద తగిలింది. రాత్రంతా వాన కురిసినా ఒక్క కప్ప కూడా అరవలేదు. కొంగలు వచ్చాయి గానీ నీళ్లలో దిగకుండా కట్ట మీద వరసగా నిలబడి చెరువు వైపు చూస్తున్నాయి. వాగు నీళ్లు చెరువులో కలిసేచోట మోకాలెత్తు నురుగు... మోకాలెత్తు కాదులెండి, చీలమండ దాకా ఉంటుంది. అది చాలు.

కట్ట మీద అందరికంటే ముందు మా పక్కింటి వదిన నిలబడి ఉంది. వరసకు వదిన. భర్త పోయాక ఆమెకున్నదల్లా పుట్టిల్లు భానూర్ నుంచి తోలుకొచ్చిన ఒక్క బర్రె. నిండు చూడిది, ఇవాళో రేపో ఈనాలి. అది ఈని పాలిస్తేనే ఆమె పొయ్యి వెలిగేది. ఎండాకాలమంతా ఆమె బావి అడుగున తోడిన మురికినీళ్లే దానికి పట్టింది.

“ఏం మరిదీ, మొఖం గట్ల పెట్టినవ్? నీళ్లను జూస్తే బుగులైతుందా?” అంది, అందరూ వినేలా.

“నాకా? బుగులా? మా తాత మొసలిని పక్కకు జరిపి తాగిండు వదినా.”

“మీ తాత తాగిన నీళ్లేందో మాకెర్కలేదా? ఈతచెట్టు కింద తాగేటోడు.”

నవ్వారు అందరూ. నేనూ నవ్వుతూ రాయెక్కాను.

వంగి నీళ్లలో చేతులు పెట్టగానే వేళ్ల సందుల్లో మంట తెలిసింది. ఆ క్షణంలో లేచి, “ఈ నీళ్లు బాగలేవు” అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నీళ్లు బాగలేవంటే తూము ఎత్తరు. తూము ఎత్తకపోతే నీరటి ఎందుకు? కుర్రాళ్ల వెనకాల నేనూ ఒక డబ్బా కట్టుకుని ఏ గేటు దగ్గరో నిలబడాలి. అందుకని దోసిలి ఎత్తాను. దోసిలి నోటికి ఆనించి నీళ్లన్నీ మోచేతుల మీదుగా జారవిడిచాను. గొంతు మాత్రం మూడుసార్లు కదిలించాను. గుటకలు నావే, నీళ్లు కావు.

“ఎట్లున్నయి?” అంది వదిన.

“కొబ్బరినీళ్ల లెక్కున్నయి.”

“మరి గా నురుగేంది?”

“కొత్తనీళ్లు గదా, గట్లనే ఉంటది. తోలు నీ బర్రెను.”

తోలింది. ఎన్నాళ్లకో నీళ్లు చూసిన బర్రె మెడదాకా దిగి, కళ్లు మూసుకుని, తాగుతూనే ఉంది. ఇంటికెళ్లి చూసుకుంటే నా చేతి వెండి కడియం నల్లబడి ఉంది. బూడిద పెట్టి రుద్దాను. పోలేదు.

సాయంత్రానికల్లా బర్రె మేత ముట్టలేదని వదిన గొంతు వినబడింది. అప్పుడు కూడా ఆమె దగ్గరకు పోలేదు. నేను చేసింది వేరు. మూడు దోసిళ్లు తాగినవాడు బాగుండి, తాగిన బర్రె పడిపోతే ఊరు నన్నేమంటుంది? గొంగడి కప్పుకుని, కడుపు పట్టుకుని మూలుగుతూ పడుకున్నాను. మూడు దినాలు. ఎంత బాగా మూలిగానంటే, నా భార్య ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి ముడుపు కట్టింది.

మూడోనాడు చచ్చిన దూడ పుట్టింది. మధ్యాహ్నానికి బర్రె కూడా పోయింది. ఆ పొద్దుగూకేటప్పుడే వదిన మా ఇంట్లోకి వచ్చింది, చేతిలో చెంబుతో. ఎవరింట్లోనో అడిగి తెచ్చిన మజ్జిగ.

“లే మరిదీ, జెర తాగు. బర్రె ఎట్లనో పాయె. నువ్వన్న బతుకు.”

తాగాను. ఆమె చెంబు తీసుకునేటప్పుడు నా కడియం చూసింది. “గా నీళ్లల్ల ఇసం కడియానికే గిట్ల జేస్తే, నీ పేగులకెంత జేసిందో” అని కళ్లు తుడుచుకుంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

మళ్లీ మృగశిర వచ్చింది. ఏడాదిగా వదిన కూలికి పోతోంది. ఈసారి నీళ్లు చాయ్ రంగులో వచ్చాయి. కొంగలు అసలు రానేలేదు. అయినా నారుమడులు ఎండుతున్నాయని ఊరంతా కట్ట మీదికి చేరింది. నేను రాయి వైపు కదలగానే వదిన అడ్డమొచ్చింది.

“ఈయన్ను తాగనియ్యకుండ్రి. పోయినేడే సచ్చి బతికిండు. పెండ్లాం పిల్లలున్నోడు.”

“మరెవరు తాగాలె? నారు పోతున్నది” అన్నాడు ఊరిపెద్ద.

“నేను తాగుత. నాకేమున్నది ఇగ? బర్రె గూడ లేకపాయె.”

అంటూనే చేతిలో ఉన్న చెంబు ముంచింది. నాకు మజ్జిగ తెచ్చిన అదే చెంబు. ఎవరూ ఆపలేదు. కొందరు నేల చూశారు, కొందరు నారుమడుల వైపు చూశారు. ఆమె చెంబు నోటి దాకా ఎత్తింది.

పులిలా దూకి ఆ చెంబు లాక్కున్నానని చాలామందికి చెప్పాను. దూకలేదు. పక్కనే ఉండబట్టి చేయి చాచి కొడితే చెంబు కింద పడింది, అంతే.

“వదినా, పోయినేడు నేను తాగలే. ఒక్క చుక్క గూడ తాగలే. అన్ని మోచేతుల మీదికెల్లి జారిడిసిన.”

ఆమె నా మొహంకేసి చూసింది.

“మరి మూడు దినాలు మూలిగినవ్ గదా?”

“ఉత్తగనే.”

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను. ఆమె వంగి చెంబు ఎత్తుకుని, లోపల మిగిలిన నీళ్లు పారబోసి, కొంగుతో తుడిచింది.

“నేను అడుక్కొచ్చిన మజ్జిగన్న తాగినవా మరిదీ? అది గూడ మోచేతుల మీదికెల్లి జారిడిసినవా?”

“తాగిన వదినా.”

నా జన్మలో చెప్పిన నిజాల్లో అదొకటి. ఆమె నమ్మలేదు. కట్ట దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆ రోజు తూము ఎత్తలేదు. ఆ తరువాత మళ్లీ నన్నెవరూ ఎత్తమనలేదు.